నల్లంచు పక్కన నడిచిన కంబళి

అనగనగా ఒక అడవిలో, మూడు కొండలు పక్కపక్కనే నిలబడి ఉన్న చోట, ఒక మేకల మంద ఉండేది. కథ మధ్యలో ఎవరైనా నిద్రపోతే నేను మళ్ళీ మొదటినుంచి చెప్పను. ముందే చెబుతున్నాను.

ఆ మందకు రాజు లేడు, మంత్రి లేడు. ముందు మేక మాత్రం ఉండేది. ముందు మేక అంటే కొండదారిలో అందరికంటే ముందు నడిచే మేక. దాని పని తేలికేం కాదు. దారిలో ప్రతి బండనూ కుడికాలి గిట్టతో రెండుసార్లు తట్టాలి. తట్టి, చెవి వంచి వినాలి. 'టక్ టక్' అని గట్టిగా పలికితే ఆ బండ మీద నడవొచ్చు. 'డొబ్ డొబ్' అని డొల్లగా పలికితే కింద మట్టి జారిపోయిందని అర్థం. అప్పుడు ముందు మేక ఆగిపోతుంది. దాని వెనక మంద మొత్తం ఆగిపోతుంది. ఎంత ఆకలేసినా సరే, ముందు మేక తట్టని బండ మీద ఎవరూ కాలు పెట్టకూడదు. అది వాళ్ళ కట్టుబాటు.

ఆ ముందు మేక పేరు నల్లంచు. ఒళ్ళంతా తెలుపు. చెవుల అంచులు మాత్రం కాటుక పెట్టినట్టు నలుపు. వాళ్ళమ్మా ముందు మేకే, అమ్మమ్మా ముందు మేకే. ఆ చెవులకు తెలియని బండ మూడు కొండల్లోనూ లేదు. పొద్దున్నే తల పైకెత్తి, తోక నిలబెట్టి నల్లంచు బయలుదేరితే చూడాలి! పిట్టలు కూడా కాసేపు అరుపులు ఆపేసేవి.

నల్లంచుకు ఒక పిల్ల. వాడి పేరు గంతులు. పేరుకు తగ్గట్టే వాడికి నడవడం రాదు, దూకడమే వచ్చు. ఒకరోజు పెద్ద వాన కురిసి వెలిసింది. ఎర్రగట్టు దగ్గర నల్లంచు ఇంకా ముందున్న బండను తట్టనే లేదు, గంతులు అమ్మను దాటుకుని ఒక్క దూకు దూకాడు. గట్టు విరిగిపోయింది. గట్టుతోపాటు వాడూ పోయాడు.

పిల్లలూ, ఆ సంగతి ఎక్కువ చెప్పను. నాకే కష్టంగా ఉంది. నల్లంచు మేత మానేసింది, నెమరు మానేసింది. రాత్రీ పగలూ తెలియకుండా ఆ గట్టు వైపే చూస్తూ కూర్చుంది.

అప్పుడు పెద్దగడ్డం వచ్చాడు. ఆ మందలో ఒక పోతుమేక వాడు. గడ్డం నేలకు తగిలేంత పొడుగు. లేత బలుసాకు కొమ్మ ఒకటి నోట కరుచుకుని వచ్చి నల్లంచు ముందు పెట్టాడు.

"తిను. నువ్వేం ఆలోచించకు. ఇకనుంచి నీ సంగతంతా నేను చూసుకుంటాను" అన్నాడు.

నల్లంచుకు ఆ మాట చల్లగా తగిలింది. ఆలోచించే ఓపిక దానికి నిజంగానే లేదు. పెద్దగడ్డం దాని జతగాడయ్యాడు. మందలోని ఆడమేకలకు వేళ్ళు లేవు కాబట్టి సరిపోయింది గానీ, ఉంటే ముక్కున వేలేసుకునేవే. "ఎంత ఆపేక్షో చూడండే! మా ఆయనా ఉన్నాడు, ఎందుకూ?" అనుకున్నాయి.

కొన్నాళ్ళయ్యాక పెద్దగడ్డం అన్నాడు, "నువ్వు ఇక ముందు నడవొద్దు, మంద ముందు నేను నడుస్తాను. నీకు నీరసం. నీ మంచికే చెబుతున్నా."

ఇంకొన్నాళ్ళయ్యాక అన్నాడు, "ఆ ముసలి మేక చేమంతవ్వతో మాట్లాడొద్దు. నీ పిల్లాడి ఊసెత్తి నిన్ను ఏడిపిస్తుంది. నీ మంచికే."

ఇంకొన్నాళ్ళకు అన్నాడు, "నేను చూపించిన ఆకే తిను. నేను తాగమన్నప్పుడే తాగు. నీ మంచికే."

ఒక్కసారైనా కొమ్ము విసిరితే, కాలితో తన్నితే, పెద్దగడ్డం చెడ్డవాడని అందరికీ తెలిసిపోయేది. అతను అలాంటి పని చెయ్యలేదు. నల్లంచు ఎదురు మాట్లాడితే పొడుగ్గా నిట్టూర్చేవాడు. నిట్టూర్చి, మెల్లగా చెవిలో అనేవాడు, "నీ చెవిని నమ్మబట్టే కదా పిల్లాడు పోయాడు? ఇంకా నీ మాటే నెగ్గాలంటావా?"

ఆ మాటతో నల్లంచు నోరు పడిపోయేది. ఏడాది తిరిగేసరికి ఆ నల్ల అంచుల చెవులు వేలాడిపోయాయి. వాగు పక్కనే నిలబడి, నాలుక పిడచకట్టుకుపోతున్నా, "తాగొచ్చా?" అని అడిగేది. అతను తలూపితే తాగేది.

ఒక మధ్యాహ్నం పెద్దగడ్డం కడుపునిండా మేసి కునుకు తీస్తున్నాడు. నల్లంచు అడగకుండా లేచింది. ఎర్రగట్టుకు వెళ్ళింది. అక్కడికి వెళ్ళొద్దని అతను ఎన్నోసార్లు చెప్పాడు. కానీ బిడ్డ పోయిన చోటు కదా, ఎలా వెళ్ళకుండా ఉంటుంది?

గట్టు మీద ఒక కుక్క పడుకుని ఉంది. బూడిదరంగు, దట్టమైన బొచ్చు, ఒక చెవి చిరిగింది. నల్లంచు ఒక అడుగు వెనక్కి వేసింది.

"నన్ను తరుముతావా?" అంది.

"తరమడం నా పాత కొలువమ్మా. మానేశాను" అంది కుక్క, లేవకుండానే. "నా పేరు కంబళి. బీరప్ప అని గొర్రెల కాపరి ఒకాయన ఉండేవాడు. నా బొచ్చు చూసి ఆయనే పెట్టాడు ఆ పేరు. పదేళ్ళు ఆయనతో తిరిగాను. పోయిన శీతాకాలం ఆయన కన్ను మూశాడు. గొర్రెలు తలో చోటికి పోయాయి. ఆయన ఈ గట్టు మీద కూర్చుని చుట్ట కాల్చేవాడు. అందుకని వచ్చి పడుకుంటున్నాను."

ఆ మాటలు వింటుంటే నల్లంచుకు ఏడుపు మొదలైంది. ఏడాదిగా మింగినదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. "ఊరుకో" అంటుందేమోనని కంబళి వైపు భయంగా చూసింది. కంబళి ఆ మాట అనలేదు. కాస్త జరిగి, దాని పక్కన వెచ్చగా కూర్చుని, ముందుకాళ్ళ మీద గడ్డం ఆనించింది. ఏడుపు అయ్యేదాకా అలాగే ఉంది.

రెండోరోజు కూడా నల్లంచు వచ్చింది. ఇద్దరూ వాగు దగ్గరికి వెళ్ళారు. నల్లంచు నీళ్ళ అంచున నిలబడి, "అన్నా, తాగొచ్చా?" అని అడిగింది.

కంబళి అటూ ఇటూ చూసింది. తనను కాదేమో అనుకుంది. "నన్నా అడుగుతున్నావు? దాహం నీది. వాగు అడవిది. మధ్యలో నాదేముంది చెల్లెమ్మా?"

నల్లంచు తాగింది. ముందు బెరుకుగా, తర్వాత గటగటా. ఆ రోజు నీళ్ళు అంత తియ్యగా ఎందుకున్నాయో దానికి అర్థం కాలేదు.

మూడోరోజు కంబళి అడిగింది, "మీ పిల్లాడికి ఏమిష్టం?"

ఏడాదిలో ఎవరూ నల్లంచును ఆ మాట అడగలేదు. "నేరేడుపండ్లు" అంది మెల్లగా. "రాలినవన్నీ ఏరుకుని తినేవాడు. మూతంతా ఊదారంగు. 'తిన్నావురా?' అంటే, లేదని తల ఊపేవాడు. ఆ ఊదా మూతితోనే!" అని నవ్వింది. నవ్వుతూ ఏడ్చింది. నవ్వూ ఏడుపూ ఒకేసారి వస్తాయా అని మీరు అడగొచ్చు. వస్తాయి. పెద్దయ్యాక తెలుస్తుంది.

ఆ సాయంత్రం నల్లంచు పెద్దగడ్డం దగ్గరికి తిరిగి వెళ్ళలేదు. బీరప్ప గొర్రెలు తోలుకునే పాత రాతి దొడ్డి ఒకటి అక్కడే ఉంది. కంబళితో పాటు అందులో ఉండిపోయింది.

ఇక అంతా బాగుపడిపోయిందని మీరు అనుకుంటున్నారు కదూ? అంత తొందరెందుకు! ఒక దుఃఖమో ఒక భయమో ఏడాది పాటు ఒంట్లో కాపురముంటే, పొమ్మనగానే పోతుందా? నల్లంచు పొద్దున లేవగానే కంబళి మొహం చూసేది. "ఎటు వెళ్దాం? ఏం తినను? ఇక్కడ పడుకోనా, అక్కడ పడుకోనా?" ఒక పెత్తనం వదిలించుకుని, ఇంకొకరిని పిలిచి పెత్తనం చేతికిస్తోంది పాపం.

కంబళి మాత్రం తక్కువదా? దానికీ ఒక జబ్బుంది. ఒకరోజు నల్లంచు కొండ అంచున మేస్తోంది. కంబళికి పాత కొలువు గుర్తొచ్చింది. రయ్యిన పరిగెత్తి, చుట్టూ తిరిగి, "భౌ!" అని నల్లంచును వెనక్కి తిప్పేసింది. గొర్రెల్ని తిప్పినట్టే.

నల్లంచు తల దించుకుంది. తిప్పిన చోటే నిలబడిపోయింది. "తప్పయిందన్నా. ఇంకెప్పుడూ అటు వెళ్ళను" అంది.

ఆ గొంతు విని కంబళికి ప్రాణం ఉసూరుమంది. "తప్పు నాది చెల్లెమ్మా! నువ్వు గొర్రెవి కాదు, నేను కాపలాకి లేను. అంచున పడిపోతావని భయమేసింది. అడగకుండా దూకాను."

"పడను. ఆ బండ గట్టిది. తట్టి చూశాను."

"తట్టి చూశావా?"

నల్లంచు తన కుడికాలి వైపు చూసుకుంది. నిజమే. తనకు తెలియకుండానే తట్టింది, విన్నది, నమ్మింది. చెవులు కొంచెం పైకి లేచాయి.

"ఇకనుంచి నేను వెనక నడవను. వెనక నడిస్తే తోలాలనిపిస్తుంది" అంది కంబళి. "ముందూ నడవను. పక్కన నడుస్తాను. భయమేస్తే అడుగుతాను. నువ్వు చెబుదువు గానీ."

అది ఉత్తి మాట కాదు. తోలడం అలవాటైన కుక్కకు పక్కన నడవడం ఎంత కష్టమో కంబళినే అడగాలి. రెండుసార్లు మరిచిపోయి వెనక్కి వెళ్ళింది. రెండుసార్లూ నాలుక కరుచుకుని పక్కకొచ్చింది.

ఈలోపు పెద్దగడ్డం మూడుసార్లు వచ్చాడు.

మొదటిసారి బలుసాకు తెచ్చాడు. "ఇంటికి రా. నీకోసం ఎంత వెతికి తెచ్చానో చూడు" అన్నాడు. నల్లంచు ఆకు వైపు చూసింది. నోరూరింది కూడా. "నాకు బలుసాకు ఎక్కడుందో తెలుసు" అని అటు తిరిగి పడుకుంది.

రెండోసారి కళ్ళనీళ్ళతో వచ్చాడు. "నువ్వు లేక సగమైపోయాను. ఆ కుక్క నీకు మందు పెట్టింది" అన్నాడు. సగమైపోయినవాడి పొట్ట మాత్రం ఎప్పటిలాగే గుండ్రంగా ఉంది. నల్లంచు మొహం తిప్పుకుంది. కానీ ఆ రోజంతా మేత మేయలేకపోయింది. కంబళి ఏం జరిగిందని అడగలేదు. పక్కనే ఉంది.

మూడోసారి వచ్చినప్పుడు ఎండలు మండిపోతున్నాయి. అతని వెనక మంద మొత్తం ఉంది. ముప్ఫై మేకలు, అందులో పదకొండు పసికూనలు. పెద్దగడ్డానికి దారి తెలియక ఏడాదంతా మందను మొదటి కొండ మీదే ఉంచేశాడు. ఆకు అయిపోయింది. వాగు ఎండిపోయి అడుగున బురదే మిగిలింది. తల్లులకు పాలు లేవు. మూడో కొండకు చేరితేనే పిల్లలు బతుకుతారు. మూడో కొండకు దారి ఎర్రగట్టు మీదుగానే.

పెద్దగడ్డం నల్లంచును పక్కకు పిలిచి మెల్లగా అన్నాడు, "చూడు, నేను ముందు నడుస్తాను. నువ్వు నా వెనకే ఉండి, బండ గట్టిదో డొల్లదో చెవిలో చెప్పు. ఎవరికీ తెలియక్కర్లేదు. ఈ గట్టు దాటాక నువ్వూ నేనూ ఎప్పటిలాగే ఉందాం."

నల్లంచు ఆలోచనలో పడింది. ఒప్పుకుంటే మళ్ళీ ఆ నిట్టూర్పులు, ఆ వేలాడే చెవులు. ఒప్పుకోకపోతే పదకొండుమంది పసివాళ్ళు. ముందు నడవాలంటే ఎర్రగట్టు. తన బిడ్డను మింగిన గట్టు.

కంబళి వైపు తిరిగింది. "అన్నా, నన్నేం చెయ్యమంటావు?"

కంబళికి తోక దగ్గరినుంచి ముక్కు దాకా చెప్పాలనే ఉంది. 'వద్దు, వెళ్ళకు' అనాలని గొంతుదాకా వచ్చింది. మింగేసింది. "రాళ్ళ సంగతి నాకు తెలియదు చెల్లెమ్మా. నీకు తెలుసు. నువ్వు ఎటు నడిస్తే అటు పక్కన నేనుంటాను. అదొక్కటే నేను చెప్పగలను."

ఎండకు పిల్లలు అరుస్తున్నారు. నల్లంచు తల ఎత్తింది. చెవిలో చెప్పమన్న మాటకు మంద మొత్తానికి వినబడేలా జవాబు చెప్పింది.

"నేను ముందు నడుస్తాను. ఒకరి వెనకనుంచి చెవిలో చెప్పను. ఇష్టమైనవాళ్ళు నా వెనక రండి. పెద్దగడ్డం, నువ్వు కూడా రావచ్చు. కానీ దాటాక నీ దగ్గరికి నేను రాను."

ముసలి చేమంతవ్వ అందరికంటే ముందు కదిలింది. "పద బిడ్డా" అంది. ఒక్కొక్కరే వెనక చేరారు. కంబళి నల్లంచు భుజం పక్కకొచ్చి నిలబడింది.

టక్ టక్. గట్టిది. ఒక అడుగు. టక్ టక్. ఇంకో అడుగు. చెవులు నిలబడి ఉన్నాయి. సగం గట్టు దాటారు. ఎదురుగా వెడల్పాటి నున్నని బండ. మేకపిల్ల కూడా కళ్ళు మూసుకుని నడవొచ్చు అనిపించేలా ఉంది. నల్లంచు తట్టింది.

డొబ్ డొబ్.

నల్లంచు ఆగిపోయింది. ఆ శబ్దం వింటుంటే ఒక సంగతి దానికి తేటతెల్లమైంది. ఆ రోజు గంతులు దూకింది తను తట్టకముందు. చెవి తప్పు వినలేదు. వినే సమయమే దొరకలేదు. 'నా చెవి తప్పు కాదు. నా తప్పు కాదు' అనుకుంది.

"ఈ బండ వద్దు. ఆరడుగులు వెనక్కి. పై నుంచి ముళ్ళదారిన పోదాం. చుట్టూ అయినా సరే" అంది.

వెనకనుంచి పెద్దగడ్డం అరిచాడు, "ఇంత చదునైన బండ వదిలి ముళ్ళలో పడి పోవాలా? మళ్ళీ అదే పిరికితనం! ఆ చెవి సంగతి మీకందరికీ తెలుసుగా! తప్పుకో, నేను చూపిస్తా."

అందరినీ తోసుకుంటూ వచ్చి, నల్లంచును దాటి, బండ మీద నాలుగు కాళ్ళూ పెట్టాడు. బండ కదిలింది. పెద్దగడ్డంతో సహా జర్రున కిందికి జారి, అడుగునున్న బురదలో దబ్బున పడింది. ఎర్రటి దుమ్ము లేచింది. పిల్లలు హడలిపోయి తలో దిక్కుకూ పరుగెత్తారు. ఒక కూన సరిగ్గా అంచు వైపే పోతోంది.

"కంబళన్నా!" అని కేకేసింది నల్లంచు. "పిల్లల్ని కూడగట్టు! నేను అడుగుతున్నాను!"

కంబళి ఆ మాట కోసమే ఉన్నట్టుగా దూసుకుపోయింది. అరవలేదు, కరవలేదు. అంచుకు, కూనకు మధ్య అడ్డంగా నిలబడి, ముక్కుతో నెట్టింది. తర్వాత రెండోదాన్ని, తర్వాత మూడోదాన్ని. పదకొండుమందినీ తల్లుల దగ్గరికి చేర్చి, మళ్ళీ వచ్చి నల్లంచు పక్కన నిలబడింది. నాలుక బయటపెట్టి రొప్పుతోంది. మొహంలో సంతోషం మాత్రం దాగడం లేదు.

ముళ్ళదారి పొడుగు. అందరికీ గీరుకుంది. కానీ ఆ దారిలో ప్రతి బండా గట్టిగా పలికింది. పొద్దు వాలకముందే ముప్ఫైమంది మూడో కొండ చేరారు. మోకాలిలోతు పచ్చిక. కొమ్మ నిండా ఆకు. తల్లులు మేసీ మేయకముందే పిల్లలు పొదుగుల కింద దూరారు.

చేమంతవ్వ నల్లంచు దగ్గరికొచ్చింది. "నీ నోరు మూయిస్తుంటే ఆపేక్ష అనుకుని మురిసిపోయాం. నీ చెవులు వాలిపోతుంటే చూస్తూ ఊరుకున్నాం. మాకు సిగ్గుగా ఉందే" అంది. నల్లంచు అవ్వ మెడ మీద తల పెట్టింది. ఇద్దరూ గంతులు గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు.

పెద్దగడ్డం ఏమయ్యాడంటారా? బురద మెత్తగా ఉంది కాబట్టి బతికిపోయాడు. వాగు అడుగున చుట్టూ తిరిగి, కుంటుకుంటూ ఎప్పుడో వచ్చాడు. గడ్డం నిండా ఎర్రమట్టి.

తెల్లారింది. కింద ఊట ఒకటి పారుతోంది. మందను నీళ్ళకు తీసుకువెళ్ళడానికి నల్లంచు బయలుదేరింది. దారికి అడ్డంగా పెద్దగడ్డం నిలబడి ఉన్నాడు. పొడుగ్గా నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పుకే కదా ఏడాదంతా నల్లంచు చెవులు వాలిపోయింది!

"అయిందేదో అయింది. నీ మీద నాకు కోపం లేదు. నా వెనకకు రా. నీ మంచికే చెబుతున్నా" అన్నాడు.

కంబళి వెన్ను మీద బొచ్చు లేచింది. అయినా అడుగు ముందుకు వెయ్యలేదు. ఈ మాట చెప్పాల్సింది తను కాదని దానికి తెలుసు.

నల్లంచు అరవలేదు. కొమ్ములు వంచలేదు. అతని కళ్ళలోకి చూసింది.

"తప్పుకో. పిల్లలకు దాహమేస్తోంది" అంది.

పెద్దగడ్డం చుట్టూ చూశాడు. ఎవరూ అతని వైపు లేరు. ఇంకోసారి నిట్టూర్చబోయి మానేశాడు. తప్పుకున్నాడు.

నల్లంచు తల ఎత్తి అతని పక్కనుంచి నడిచి వెళ్ళింది. ఇంత చిన్న మాట నోటినుంచి రావడానికి ఇంతకాలం పట్టిందా అని దానికి ఆశ్చర్యంగా ఉంది. అంతకంటే ఎక్కువగా గర్వంగా ఉంది. ఊట దగ్గరికి చేరగానే, ఎవరినీ అడగకుండా మూతి ముంచి, కడుపునిండా నీళ్ళు తాగింది.

నీతి: నిజంగా మన మంచి కోరేవాళ్ళు మన పక్కన నడుస్తారు, మన అడుగు మనల్నే వేయనిస్తారు.